గట్టు మీద మునగ

పొలానికి పోసే పేడనీళ్ళ డ్రమ్ములో కర్ర తిప్పుతున్న కరుణాకుమారి చెయ్యి ఆగిపోయింది.

“ఏమన్నారయ్యా?”

“చెవుల్లో పేడ పడిందా మే? వచ్చే పంటకి ఈ కయ్య మాలకొండమ్మది. నువ్వు రొయ్యల గుంటల పక్కన కయ్య చేసుకో.” ఆ మాట అనేసి పెంచలయ్య తెల్ల చొక్కా మీద ఎక్కడైనా పేడనీళ్ళు చిందాయేమోనని చూసుకున్నాడు.

పది గంటలకే ఏప్రిల్ ఎండ మాడు పగలగొడుతోంది. అల్లూరుకు తూర్పున, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఆ ఊళ్ళో ఆ రోజు ప్రకృతి వ్యవసాయం మీద శిక్షణ శిబిరం. నెల్లూరు నుంచి వచ్చిన సంస్థ వాళ్ళు కోత కోసిన ఆ వరి మడిలో, ఆమె చేసే కయ్యలోనే షామియానా వేశారు. చుట్టుపక్కల రైతులకు చూపించడానికి ఆ ఎకరమే నమూనా. దాన్ని నమూనాగా తయారుచేసింది కరుణాకుమారి. బ్యానర్ మీద ఫొటో మాత్రం పెంచలయ్యది. భూమి ఆయనది కాబట్టి ఆదర్శ రైతు కూడా ఆయనే.

శిబిరం ఉచితం. మధ్యాహ్నం భోజనం కూడా పెడతారు. అయితే ఆ రోజు గుంటల్లో రొయ్యలు పట్టే పని ఉంది. వచ్చిన నలభై మంది ఆడవాళ్ళకూ తలా నాలుగొందల కూలి పోయింది. ఉచితం అన్న చోట ఖర్చు ఎవరి నెత్తిన పడిందో ఎవరూ అడగరు. రమ్మన్నది ఆసామి. వచ్చారు.

“మూడేళ్ళుగా ఈడనే చేస్తుండా గదయ్యా. ఇప్పుడెందుకు మార్చేది?”

“అందుకే మార్చేది. మా నాయన కాలం నుంచి కౌలోళ్ళకి ఏటికేడు కయ్యలు మార్చడం ఉండాది గదా. నీకు మార్చకపోవడమే నా తప్పు.”

“అప్పుడిది ఉప్పు కయ్య. ఎవరూ వద్దంటేనే నాకిచ్చినారు.”

“ఇచ్చినా గదా మరి? ఇచ్చినోడి నెత్తినే ఎక్కితే ఎట్టా?” గట్టు వైపు గడ్డం ఎత్తి చూపించాడు. నిలువెత్తు మునగ చెట్లు వరసగా, లేత కాయలతో ఊగుతున్నాయి. “గెనెం మీద చెట్లు పెట్టమని నీకెవరు చెప్పినారు?”

కరుణాకుమారి షామియానా వైపు చూసింది. చెప్పినవాడు అక్కడ మైకులో “హలో, చెక్, చెక్” అంటున్నాడు.

పెంచలయ్య తండ్రి రోజుల్లో ఒక కౌలుదారు పన్నెండేళ్ళు ఒకే కయ్య చేసి, తరవాత దాని మీద హక్కు తనదేనని దావా వేశాడు. దావా ఓడిపోయాడు గానీ, అప్పట్నుంచి ఆ ఇంట్లో కౌలుదారును ఒకచోట కుదురుకోనివ్వరు. ఉగాది దాటగానే ఈ కయ్య వాళ్ళను ఆ కయ్యకు, ఆ కయ్య వాళ్ళను ఇంకో కయ్యకు మారుస్తారు. మిగతా ఆసాములూ చూసి నేర్చుకున్నారు. వరి నాటొచ్చు, నాలుగు నెలల్లో కోసుకుపోతారు. చెట్టు నాటకూడదు. చెట్టు పోదు. అక్కడే నిలబడి తనను నాటిందెవరో నలుగురికీ చెబుతుంది.

ఆ సంగతి కరుణాకుమారికి తెలియక కాదు. నిరుడు శిబిరంలో సంస్థ మనిషి కిషోర్ మునగ నారు పంచుతూ, గట్టు ఖాళీగా వదిలెయ్యడం చేతిలో డబ్బు పారేసుకోవడమే అన్నాడు. తనను ఎవరూ కదిలించలేదు కదా అన్న ధైర్యంతో ఆమె నాటింది.

“ఆసామి గెనెం మీద చెట్లా? నీకేమన్నా పిచ్చి పట్టిందా?” అన్నాడు మొగుడు టైటస్. అతను గుంటల్లో మేత చల్లుతాడు. నెలకు పద్నాలుగు వేలు. ఒకప్పుడు ఆ గుంటల నీళ్ళు ఊరే ఈ ఎకరం ఉప్పు పట్టింది. మొగుడి జీతం ఎక్కణ్ణించి వస్తోందో పెళ్ళాం పొలానికి చెరుపు కూడా అక్కణ్ణించే వచ్చింది. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు.

పెంచలయ్య వెళ్ళగానే మాలకొండమ్మ కొంగు నెత్తిన కప్పుకుని వచ్చింది.

“మే కరుణా, నా మీద కోపం పెట్టుకోబాక. నేనడగలా. ఆయనే ఇచ్చినాడు.”

“వద్దను అక్కా.”

“నేనొద్దంటే పక్కదానికిస్తాడు. అది ఎగిరి గంతేసి తీసుకుంటాది. నాకేమొచ్చె?”

కరుణాకుమారికి కోపం వచ్చింది గానీ, మాలకొండమ్మ స్థానంలో తానున్నా అదే మాట అనేది.

ఆమె కర్ర డ్రమ్ములోనే వదిలేసి కిషోర్ దగ్గరికి వెళ్ళింది. అతనిది కావలి. మంచివాడే. ఎండలో కయ్యలన్నీ తిరిగేవాడు, కరుణాకుమారి ఇంట్లో కూర్చుని సంగటి తిన్నవాడు. విషయం విని ముఖం మాడ్చుకున్నాడు.

“నేను ఆయనతో మాట్లాడతానక్కా. కానీ ఇవాళ వద్దు. మనకు డబ్బులిచ్చే వాళ్ళు హైదరాబాదు నుంచి వచ్చారు. ఇవాళ గొడవైతే వచ్చే ఏడాది ఈ ప్రాజెక్టే ఉండదు.”

“వచ్చే ఏడు నాకు కయ్యే ఉండదు సార్.”

“రెండు నిమిషాలు మాట్లాడాలి మీరు. పేరు పిలుస్తాను. మామూలుగా చెప్పెయ్యండి,” అంటూ అతను కుర్చీలు సర్దే వాళ్ళ వైపు నడిచాడు.

శిబిరం మొదలైంది. పొలంలో అయిదు అంతస్తులుగా పంటలు ఎలా పెట్టాలో కిషోర్ బొమ్మలు చూపించాడు. అడుగున దుంపలు, పైన కూరలు, గట్టు మీద పండ్ల చెట్లు. నేలను తొందరపెట్టకూడదన్నాడు. మూడేళ్ళు, ఒక్కోసారి అయిదేళ్ళు ఓపిక పట్టాలన్నాడు.

వెనక వరసలోంచి వెంకటశేషమ్మ లేచింది. “సార్, నాదొక మాట. నేను ఎరువుకని జీలుగ వేసి తొక్కిచ్చిన కయ్య నిరుడు ఇంకొకతి చేసింది. దాని కయ్య నేను చేసినా. అయిదేళ్ళకి బాగుపడే నేలని ఒక్కేట్లో ఎట్టా బాగు చేసేది?”

“ఒక కాలు ఆడ, ఒక కాలు ఈడ పెట్టి చెయ్యి మే!” అంది ఎవరో. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

“మంచి ప్రశ్న,” అన్నాడు కిషోర్. “చివర్లో చర్చిద్దాం.” తరవాతి బొమ్మ తిప్పాడు.

పెంచలయ్యకు శాలువా కప్పారు. నేల తల్లి అనీ, తల్లికి విషం పెట్టకూడదనీ ఆయన పది నిమిషాలు మాట్లాడాడు. చప్పట్లు కొట్టారు. తరవాత కరుణాకుమారిని పిలిచారు.

ఆమె మైకును రెండు చేతులతో పట్టుకుంది.

“నేల బాగుపడింది. అబద్ధం చెప్పను. మొదటేడు తొమ్మిది బస్తాలైనాయి, ఈయేడు ఇరవయ్యారు. సారు చెప్పినట్టే చేసినా. మందు కొన్లా, యూరియా కొన్లా. మీరూ చేసుకోండి.” ఆగింది. “చెట్టు మాత్రం పెట్టబాకండి. పెడితే కయ్య పోతాది. నాది ఈ పొద్దునే పోయింది.”

హైదరాబాదు నుంచి వచ్చినామె కెమెరా దించి, ఏమైందని కిషోర్‌ను అడిగింది. అతను పెంచలయ్య వైపు చూశాడు.

పెంచలయ్య తడబడే మనిషి కాదు. నవ్వుతూ లేచాడు. “ఎవరు పొమ్మన్నారమ్మా నిన్ను? మాట మాట అనుకుంటాము, అంతే గదా. నలుగురిలో చెప్తుండా, ఇంకో ఏడు నువ్వే చేసుకో. గెనెం నాది, చెట్లు అడ్డం. నువ్వు నాటినావు కాబట్టి నీ చేత్తో నువ్వే పీకెయ్యి. ఇప్పుడే, అందరి ముందర. అయిపోయె.”

కిషోర్ ముఖంలోకి ప్రాణం వచ్చింది. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “ఒప్పుకోండక్కా. మునగ మళ్ళీ ఎక్కడన్నా పెంచుకోవచ్చు.”

బేరం చెడ్డది కాదు. ఏడాది వరి ముందు పిడికెడు మునక్కాయలు ఎంత? టైటస్ ఉంటే ఈపాటికి తనే గట్టెక్కి పీకేసేవాడు. ఆమెకూ ఒక్క క్షణం కాళ్ళు అటే లాగాయి. కానీ బేరంలో రాయని షరతు ఆమెకు కనపడింది. ఇవాళ తన చేత్తో పీకితే, నాటడమే తప్పని తనే ఒప్పుకున్నట్టు. పైయేడు ఆయన పొమ్మంటే అడగడానికి నోరుండదు. ఎదురుగా కూర్చున్న ఈ నలభై మందిలో ఎవరూ గట్టు మీద కంది గింజ కూడా వెయ్యరు. ఒక్క ఏడాది కయ్య ఇచ్చి ఆయన కొంటున్నది అది.

మైకు బల్ల మీద పెట్టింది. అది గుయ్యిమంది.

“పీకనయ్యా.”

“ఏందీ?”

“కయ్య మీది. తీసుకుంటే తీసుకోండి. చెట్లు నేను పీకను. మీకడ్డమైతే మీరే పీకండి.”

కెమెరా ఆయన వైపు తిరిగింది. భుజం మీంచి జారుతున్న శాలువాను పెంచలయ్య పైకి లాక్కున్నాడు. శాలువాతో గట్టెక్కి, వచ్చిన పెద్దల ముందు కాయలున్న చెట్టు పీకే మనిషి కాదాయన.

“మాలకొండమ్మా! కయ్య నీదే. పో, పీకు.”

మాలకొండమ్మ లేచింది. కొంగు నడుముకు దోపింది. గట్టు వైపు నాలుగడుగులు వేసింది. కరుణాకుమారి పక్కగా వెళ్తూ ఆమె ముఖంలోకి చూడలేదు. చెట్టు దగ్గరికి వెళ్ళి ఆగింది. నడుం మీద చెయ్యేసుకుంది.

“నడుం పట్టేసిందయ్యా,” అంది. “పొద్దున్నించీ వంగలేకుండా ఉండా.”

వెనక్కొచ్చి, మూలుగుతూ తన చోటులో కూర్చుంది. ఎవరో కిసుక్కున నవ్వి ఆపేసుకున్నారు.

“వెంకటశేషమ్మా!”

వెంకటశేషమ్మ కాగితంతో విసురుకుంటూ సముద్రం వైపు చూస్తోంది. ఆమెకు వినపడింది. వినపడిందని అందరికీ తెలుసు.

భోజనాల ఆటో వచ్చి షామియానా పక్కన ఆగింది. సాంబారు వాసన వచ్చింది. పొద్దున్నించీ ఏమీ తినని ఆడవాళ్ళు ఒక్కరూ లేవలేదు.

పెంచలయ్య మూడో పేరు పిలిచాడు.