ఒక్క రింగు

ఎల్లారెడ్డి ఆడపిల్లల బేస్‌బాల్ జట్టుకు స్వామిదాసు సార్ పదకొండేళ్లు మేనేజరుగా ఉన్నాడు. జట్టును ఏ ఊరికి తీసుకెళ్లినా, బస్సు దిగగానే ప్రతి తల్లి ఫోనుకూ ఒక రింగు ఇచ్చి కట్ చేసేవాడు. ఒక్కసారి మోగి ఆగితే పిల్లలు క్షేమం. ఆగకుండా రెండోది మోగితే మాత్రం ఎత్తాలి, ఏదో అయిందన్నమాట.

కళ్యాణి కూతురు మనోజ్ఞ నాలుగేళ్లు ఆడింది. అన్నేళ్లలో రెండో రింగు ఒక్కసారే వచ్చింది, పిల్ల వేలు విరిగిన రోజు. అయినా ప్రతిసారీ ఆ మొదటి రింగు ఆగేలోపే కళ్యాణి కళ్లముందు బస్సు బోల్తా పడేది, బంతి కణతకు తగిలేది, పిల్ల స్టేషన్లో తప్పిపోయేది.

సార్ మేనేజరు పని వదిలి రెండేళ్లయింది. ఇప్పుడు కామారెడ్డిలో దవాఖానలో ఉన్నాడు. కడుపులో నెత్తురు పోతోందట, ఐసీయూలో పెట్టారట.

శనివారం సాయంత్రం అజహర్ సెల్‌ఫోన్ల దుకాణం ముందు జట్టు పిల్లల తల్లులూ అభిమానులూ కూడారు. ఏ మ్యాచ్ అయినా గొంతు పోయేదాకా అరిచేవాడు అజహరే.

"ఫ్లెక్సీ కట్టిద్దాం అక్కా. సార్ జల్ది కోలుకోవాలని."

"వద్దు తమ్మీ. బస్టాండ్ల గంత పెద్ద ఫోటో సూస్తే నా పానం ఆడనే పోతది. పోయినోళ్లకు గట్లనే గదా కడ్తరు."

"నీకు బర్త్‌డే ఫ్లెక్సీ సూసినా గట్లనే అనిపిస్తది. మరి ఏం జేద్దామంటవ్?"

కళ్యాణి చేతిలోని ఫోను చూసుకుంది. "సార్ మనకిచ్చినట్టే మనం గూడ తలా ఒక్క రింగు ఇద్దాం. రేపు పొద్దుగాల పది గంటలకు. మనమున్నమని తెలుస్తది."

అందరికీ నచ్చింది. అజహర్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆ మెసేజ్ నాగిరెడ్డిపేట దాటి, దోమకొండ దాకా పోయింది.

ఆదివారం పది గంటలకు కళ్యాణి ఒక్క రింగు ఇచ్చి కట్ చేసింది. సార్‌కు జబ్బు అని తెలిసినప్పటి నుంచి చేతులు ముడుచుకుని కూర్చున్న మనిషికి, ఏదో ఒకటి చేశానన్న తృప్తి కలిగింది. పదకొండుకు మనసు ఆగక మళ్లీ చేస్తే, స్విచ్చాఫ్.

"పోయిండు," అంది నీళ్లు నిండిన కళ్లతో.

"చార్జింగ్ అయిపోయుంటదమ్మా," అంది మనోజ్ఞ.

"నీకేం తెలుసే. అందరు అడుగుతరని బంద్ జేసి పెడ్తరు."

తల్లీకూతుళ్లు కామారెడ్డి బస్సెక్కారు. దారి పొడుగునా ఆమె ఆ నంబరు నొక్కుతూనే ఉంది. బస్సులో ఎవరి ఫోను మోగినా ఉలిక్కిపడింది.

దవాఖాన గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. చాలాసేపటికి సార్ భార్య గ్లోరీ కిందికి వచ్చింది. సార్ ఫోను ఆమె చేతిలోనే ఉంది.

"అక్కా, సార్..."

"ఉన్నడు." గ్లోరీ ఆ ఫోను పైకెత్తి చూపింది. "ఎవరమ్మా గా ఫోన్లు జేసింది? ఎత్తేలోపే కట్, ఎత్తేలోపే కట్. నెత్తురిచ్చేటాయన నస్రుల్లాబాద్ నుంచి వచ్చి గీ గేటు కాడనే నిలవడి గంటసేపు చేసిండట. లైన్ కలువలే. ఆఖరికి ఫోనే బందయింది."

"మరి నెత్తురు?"

"ఆయన దొరికినంక ఇప్పుడు ఎక్కిస్తున్నరు. పొద్దుగాలనే ఎక్కియ్యాల్సింది. డాక్టర్ ఏం జెప్తలేడు."

కళ్యాణి గేటు ఊచ పట్టుకుంది. "నేనే అక్కా. గట్ల జెయ్యుమని నేనే జెప్పిన."

గ్లోరీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నా నెత్తురు గూడ తీస్కోమను అక్కా."

"నీకే లేదు నెత్తురు. గాలొస్తే పడేటట్టున్నవ్."

మనోజ్ఞ సంచిలోంచి చార్జర్ తీసి గ్లోరీ చేతిలో పెట్టింది. వాళ్లు ఇవ్వగలిగింది అదొక్కటే.

"ఇగ ఎవ్వరు చెయ్యకుండ్రి," అంది గ్లోరీ. "రోజు పొద్దుగాల ఎనిమిదింటికి నీకు నేనే ఇస్త, ఒక్క రింగు. అందరికి నువ్వు జెప్పు."

"రెండోది..."

గ్లోరీ చార్జర్ పట్టుకుని మెట్లెక్కింది.

మర్నాడు కళ్యాణి ఫోనును కుట్టుమిషను మీద పెట్టుకుని కూర్చుంది. ఎనిమిదైంది. ఎనిమిదీ పది అయింది.

"నువ్వే ఒకసారి చెయ్యరాదమ్మా?"

"చెయ్యి దగలనియ్యకు దానికి!"

ఎనిమిదీ పన్నెండుకు మోగింది. ఒక్కసారి మోగి ఆగిపోయింది. కళ్యాణి ఇంకా అలాగే చూస్తూ ఉండిపోయింది. మళ్లీ మోగలేదు.

గ్రూపులో 'ఉన్నడు' అని పెట్టింది. సూదిలో దారం పెట్టబోతే పక్కకే పోయింది. మనోజ్ఞ ఎక్కించి, "ఇగ కుట్టమ్మా," అంది.

కళ్యాణి కుట్టలేదు. ఫోనునే చూస్తూ కూర్చుంది. రేపు ఎనిమిది దాకా అది మోగకూడదు.