ఔసేపు ఇంటి తాళం

ఔసేపు భార్య ఏలియ పోయిన ఏడో నాటి ప్రార్థన అయిపోయింది. చుట్టాలంతా కొండ దిగిపోయారు. ఆమె తమ్ముడు పైలీ మాత్రం మిగిలాడు. మిగిలినవాడు నోరు కట్టుకుని కూర్చోలేదు.

"తలుపు తీయడం చేతగాని మొగుడివి బావా నువ్వు," అన్నాడు పొయ్యి దగ్గర నల్లకాఫీ చప్పరిస్తూ. "ఆవేళ బయట జీపు పెట్టుకుని నేను అరుస్తున్నా. లోపల అక్క మూలుగుతోంది. నువ్వేమో తాళంతో సరసాలాడుతున్నావు."

ఔసేపు స్క్రూడ్రైవరు తీసుకుని తలుపు దగ్గరికి నడిచాడు. ఆ తెల్లవారుజామున తలుపుకి బిగించిన తాళంలో, లోపలివైపు నుంచి పెట్టిన చెవి సగం తిరిగి నిలిచిపోయింది. వెనక తలుపుకి కప్పుదాకా పేర్చిన ఏలకుల బస్తాలు అడ్డం. తలుపు మీద ఎండ పడ్డాక గాని తాళం కదల్లేదు. ఏలియ ఆస్పత్రి దాకా పోలేదు, దారిలోనే పోయింది.

ఇవాళా అదే చలి. వేళ్ళు తనవి కానట్టున్నాయి. మరలు విప్పి తాళం ఊడదీశాడు. మూత తీస్తే లోపల మీటల మధ్య తెల్లగా, మైనంలా గడ్డ. గోటితో గీరి వాసన చూశాడు. కొబ్బరినూనె.

తాను పోవడానికి ముందురాత్రి తల దువ్వుకుంటూ ఏలియ తాళం కన్నంలో నాలుగు చుక్కలు పోసింది. "కిర్రుమంటోంది. మా అమ్మ అన్నిటికీ ఇదే పోసేది," అంది. సముద్రపు ఒడ్డు పిల్ల. అక్కడ నూనె ఏడాది పొడుగునా నీళ్ళలా కారుతుంది. ఇక్కడ క్రిస్మస్ చలికి సీసాలోనే రాయవుతుంది. రోజూ పొయ్యి దగ్గర పెట్టి కరిగించుకునేదే. అయినా తాళం సంగతి తట్టలేదు. ఔసేపుకూ తట్టలేదు.

"దొరికిందా రోగం?" పైలీ అడిగాడు.

ఒక్క మాట చెబితే చాలు, ఇక ఔసేపుని ఎవరూ అనరు. ఏలియని అంటారు.

"తుప్పు," అన్నాడు ఔసేపు. "చూసుకోవాల్సింది నేనే."

గడ్డని గుడ్డతో తుడిచేశాడు. మీటల్ని కిరసనాయిల్లో కడిగి ఆరబెట్టాడు. పెన్సిలు ములుకు గీకి, ఆ పొడి చల్లి, తాళం బిగించాడు. చెవి సులువుగా తిరిగింది. ఔసేపుకి ఏమీ అనిపించలేదు.

పైలీ లేచి గూట్లోంచి అక్క నూనెసీసా తెచ్చాడు. "పొడేంటి బావా, నీ బొంద! ఓ చుక్క ఇది పోస్తే సరి. మా అమ్మ అన్నిటికీ..."

సీసా వంచాడు. నూనె కారలేదు. తలకిందులు చేశాడు. కారలేదు.

పైలీ సీసాకేసి చూశాడు. తాళంకేసి, బావ తుడిచిన గుడ్డకి అంటిన తెల్లటి గడ్డకేసి చూశాడు. సీసాని తీసిన చోటే పెట్టాడు.

"పొద్దుటినుంచీ ఏమీ తాగలేదు నువ్వు," అన్నాడు గొంతు తగ్గించి. "కాఫీ పోస్తాను, కూర్చో బావా."

ఔసేపు కూర్చున్నాడు.