దొరగారికి రాసిన నూనె

వీధిలో అందరూ ఆమెను నూనెలక్క అనేవారు. పెద్ద రాగిపాత్రలో నిమ్మగడ్డికి ఆవిరి పట్టి నూనె తీసి, చిన్న సీసాల్లో పోసి అమ్ముకునేది. తలనొప్పన్నా, దోమలన్నా, చివరికి నిద్రపట్టడం లేదన్నా ఏదో ఒక సీసా చేతిలో పెట్టందే ఎవరినీ గడప దాటనిచ్చేది కాదు.

రెండు వీధుల అవతల ఆమె చెల్లెలు కర్టెన్లు కుట్టేది. భర్త పోయాక చెల్లెలికి తోడు ఒక గోధుమరంగు కుక్క. మిషన్ పక్కనున్న కుర్చీ ఎక్కి కూర్చునేది, గిన్నె ముందుకు తెచ్చిపెడితే తప్ప తినేది కాదు. అందుకే చెల్లెలు దానికి దొరగారని పేరు పెట్టింది. "దొరగారింకా నిద్ర లేవలేదక్కా, కాస్త మెల్లగా మాట్లాడు" అని చెల్లెలు నవ్వుతుంటే, ఈ మాత్రం నవ్వు మిగిల్చినందుకు అక్క ఆ కుక్కకు మనసులోనే దణ్ణం పెట్టుకునేది.

వానలు వెలిశాక దొరగారి చెవుల నిండా పిడుదులు పట్టాయి. చెల్లెలు పశువుల ఆస్పత్రికి వెళ్ళి మాత్ర తెచ్చింది.

"నెలకొకటి వెయ్యమన్నారక్కా."

"వాడి ఒంట్లోకి ఆ విషమెందుకే? నేను లేనూ?" అంది అక్క.

కొబ్బరినూనెలో పది చుక్కల నిమ్మగడ్డి నూనె కలిపి తనే కూర్చుని రాసింది. రెండు రోజుల్లో చెవులు శుభ్రపడ్డాయి. అక్క ఆనందం అంతా ఇంతా కాదు. కుక్కబొమ్మ అంటించిన సీసాలు పదకొండు ఇళ్ళకు ఇచ్చింది. మాత్ర చెల్లెలి అలమరలోనే ఉండిపోయింది.

నాలుగో వారంలో దొరగారు గిన్నె ముందుకు తెచ్చినా ముట్టలేదు.

"ఎండకి డీలా పడ్డాడు, అంతే" అంది అక్క. మర్నాడూ అదే మాట అంది. మూడోరోజు పొద్దున ముక్కులోంచి నెత్తురు కారింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ దొరగారి పెదవి ఎత్తి చూసింది. చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"పిడుదుల జ్వరం. బాగా ముదిరింది."

"రోజూ నూనె రాస్తూనే ఉన్నామండీ" అంది అక్క.

"వాసన ఉన్నంతసేపు కొన్ని పక్కకి పోతాయమ్మా. కొన్ని గంటల్లో అది ఎగిరిపోతుంది. ఆ తర్వాత ఒక్కటి కరిచినా జ్వరం రావచ్చు. ఇంతకీ నేనిచ్చిన మాత్ర వేశారా?"

అక్క నోరు తెరిచేలోపే చెల్లెలు, "నేనే మర్చిపోయానండీ" అంది.

మర్నాడు మధ్యాహ్నం, చెల్లెలి ఒళ్ళో తలపెట్టుకుని దొరగారు ఊపిరి వదిలాడు.

అక్కకు ముద్ద దిగలేదు. మూడోనాడు లేచి ఆ పదకొండు ఇళ్ళకూ తిరిగింది. "ఈ సీసా నమ్ముకోకండి. నా మాట విని మా చెల్లెలి కుక్క చచ్చిపోయింది" అని గడపగడపకూ చెప్పింది. కొందరు జాలిపడ్డారు. ఒకాయన "మా కుక్క బానే ఉందిగా, మీకెందుకమ్మా ఈ గోల?" అని విసుక్కున్నాడు. రిటైరైన టీచరుగారింట్లో చిన్న నల్లకుక్క రెండు రోజులుగా తిండి మానేసి మూల పడుకుని ఉంది. అక్క ఇంకో మాట మాట్లాడకుండా దాన్ని భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తింది. అది బతికింది.

ఆ సంగతి చెబుదామని చెల్లెలింటికి వెళ్ళింది. చెల్లెలు మిషన్ ఆపలేదు, తల ఎత్తలేదు.

"పోన్లే, మంచిదయింది" అంది.

"డాక్టరమ్మ దగ్గర ఆ తప్పు నీ మీద ఎందుకు వేసుకున్నావే?"

"అంతమంది ముందు నిన్ను పట్టివ్వమంటావా?" మిషన్ ఆగింది. "కానీ కొన్నాళ్ళు ఇటు రాకక్కా. నిన్ను చూస్తుంటే నాకు కోపమొస్తోంది. రాకూడదనుకున్నా వస్తోంది."

అక్క మెట్లు దిగింది.

ఆ కోపం తగ్గడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు చెల్లెలు వారానికోసారి వస్తుంది. కాసేపు కూర్చుంటుంది, కుట్టుపని కబుర్లు చెబుతుంది, పొద్దెక్కకముందే లేచి వెళ్ళిపోతుంది. వీధి మలుపు తిరిగేదాకా అక్క గుమ్మంలో నిలబడి చూస్తుంది. దొరగారి మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తరు.