ఫ కింద వత్తు

“ఆ చెత్తంతా ఇవాళ ఆదెమ్మకి వేసెయ్యి” అన్నాడు మా ఆయన హబీబ్, నోట్లో బ్రష్షుతోనే. ఆదెమ్మ ఆదివారాలు మా వించిపేట సందుల్లోకి బండి తోసుకొచ్చి పాత ఇనుమూ కాగితాలూ కొనుక్కుపోయే మనిషి. చెత్త అంటే ముందుగది మూలనున్న పాత కంప్యూటరు, బూట్ల డబ్బాలో నేను దాచిన ముప్పై ఎనిమిది ఫ్లాపీలు. “షాపుకి కొత్త సిస్టమ్ వచ్చి నెలయింది, అందులో కొత్త సాఫ్ట్‌వేరుంది. ఈ పాత గోల ఎవడిక్కావాలి? అక్కడో మంచమన్నా పట్టుద్ది” అని నురుగు ఉమ్మేసొచ్చి మళ్ళీ అన్నాడు. “సరేనండీ” అన్నాను. నోటితో ఎప్పుడూ ‘అండీ’నే. రాసుకునేటప్పుడైనా నన్ను ‘అన్నాడు’ అని రాసుకోనివ్వండి.

గిన్నెలు తోమేసి, తడి చేతులు చీరకి తుడుచుకుని, ఒక్కో ఫ్లాపీ తీసి దుమ్ము దులుపుతూ కూర్చున్నాను. తొంభై ఐదులో మా పెళ్ళయ్యేనాటికి నాకు గవర్నర్‌పేటలో ఆరు నెలలు నేర్చుకున్న డీటీపీ పని ఉంది, హబీబ్‌కి వన్‌టౌన్‌లో ఒక షట్టరుంది. షట్టరు మీద ‘హబీబ్ డీటీపీ సెంటర్’ అని బోర్డు పెట్టాడు. కంప్యూటరు మాత్రం ఇంట్లో పెట్టాడు, ఆడవాళ్ళు షాపులో కూర్చుంటే బాగోదట. అతను అక్కడ ఫ్యాను కింద కూర్చుని ఆర్డర్లు తీసుకునేవాడు. నేనిక్కడ అన్నం వార్చి, మినప్పప్పు నానబోసి, అత్తయ్యకి మందులిచ్చి, ఆ పనుల మధ్యలోనే పెళ్ళికార్డులూ కరపత్రాలూ పుస్తకాలూ కొట్టేదాన్ని. టైపు చెయ్యడాన్ని మా లైన్లో కొట్టడమే అంటారు. ఎవరైనా అడిగితే “మా ఆవిడ ఖాళీగా ఉంటదిగా, ఇంట్లో కూర్చుని కొట్టుద్దండీ” అనేవాడు. ఆ ‘ఖాళీగా’ అన్న మాట వినబడినప్పుడల్లా చేతిలో ఉన్న గరిట ఎవరి నెత్తినో వెయ్యాలనిపించేది. ఎవరి నెత్తినో ఏమిటి, అతని నెత్తినే.

మరుసటేడు మా అఫ్సా పుట్టింది. పాపకి పేరు పెట్టే దావత్‌కి కార్డు నేనే కొట్టాను. తీరా చూస్తే అచ్చులో నా బిడ్డ పేరు మట్టిగొట్టుకుపోయి ఉంది. ఫ అడుగున చిన్న గీత ఉంటుంది కదా, దాని మీదకి స వత్తు ఎక్కి కూర్చుని రెండూ నల్లటి ముద్దయ్యాయి. కంప్యూటరుతో కంపెనీ వాళ్ళిచ్చిన అక్షరాల్లో ఫకి ఏ వత్తిచ్చినా అంతే. “ఎవడు చూస్తాడే, అలాగే కానీ” అన్నాడు హబీబ్. నాకు మనసొప్పలేదు. మా నాన్న కరిముల్లా కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్లో బోర్డులు రాసేవాడు. ‘ప్రమాదం’ అని రాసినా ముత్యాల్లా రాసేవాడు. అక్షరం మనిషిని ఆపి చదివించాలి గానీ తడబడేలా చెయ్యకూడదనేవాడు. లెక్కల నోటుపుస్తకం గళ్ళ మీద ఫని మళ్ళీ గీశాను, కింది గీత కురచ చేసి వత్తుని ఒక గడి దించాను. అక్షరాలు గీసే సాఫ్ట్‌వేరొకటి ఫ్లాపీలో దొరికితే, ఒళ్ళో పాపకి పాలిస్తూ, కుడిచేత్తో మౌస్ తోస్తూ దాన్ని పెట్టెలోకి ఎక్కించాను. “బిడ్డ ఏడుస్తుంటే ఆ పెట్టె ముందు బొమ్మలు గీస్తా కూర్చుంటావేంటే” అని మా అత్త జమాల్ బీ రోజూ సాధించేది. ఒక్క ఫతో ఆగలేదు. మూడేళ్ళలో అ నుంచి ఱ దాకా, గుణింతాలు, వత్తులు, మొత్తం నేనే గీశాను.

ఆ అక్షరాలన్నిటికీ కలిపి, అంటే ఆ ఫాంటుకి, ఒక పేరు పెట్టమని సాఫ్ట్‌వేరు అడిగిన రోజున వెనకాల నిలబడి “హబీబ్ అని పెట్టు, షాపు పేరేగా” అన్నాడు. పెట్టాను. నా చేత్తో నేనే పెట్టాను. ఇన్నేళ్ళుగా నన్ను కాల్చుకుతింటున్నది అదే. ఆ తర్వాత పామర్రు నుంచి కూడా ప్రెస్సువాళ్ళొచ్చి “మీ అక్షరాలు కావాలండీ” అని హబీబ్‌నే అడిగేవాళ్ళు. ఒకాయన మా ఇంటికే వచ్చి నన్ను చూసి “సాయిబుల పిల్ల తెలుగు తప్పుల్లేకుండా కొడతందే!” అని ఆశ్చర్యపోయాడు. మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, తిట్టుకునేది తెలుగు, చివరికి నేను లోపల్లోపల ఏడ్చేది కూడా తెలుగులోనే అని అతనికెవరు చెబుతారు? సొమ్మొకడిది సోకొకడిది. ఇప్పుడా సొమ్మే చెత్తయింది. దాచుకుంటే అతని పేరునే దాచుకోవాలి, పారేస్తే నా పదకొండేళ్ళూ పారేసుకోవాలి. ఏది చేసినా నాకు మిగిలేదేమిటో తెలియక ఫ్లాపీలు తుడిచినవే మళ్ళీ తుడిచాను.

పదకొండింటికి ఆదెమ్మ వచ్చింది. హబీబ్ తనే కంప్యూటరు మోసుకెళ్ళి బండిలో పెట్టాడు. “ఆ డబ్బా కూడా ఇయ్యమ్మా” అంది ఆదెమ్మ. డబ్బాని ఇంకా దగ్గరికి లాక్కున్నాను. సరిగ్గా అప్పుడే సందు మలుపులో బాలశౌరిగారు కనబడ్డారు. ఆయన చర్చిలో సండేస్కూలు నడుపుతారు, పిల్లల పుస్తకాలు ఏళ్ళ తరబడి మా దగ్గరే వేయిస్తున్నారు. ఆరాధన ముగించుకుని నేరుగా వచ్చినట్టున్నారు, చంకలో బైబిలు, చేతిలో హబీబ్ షాపులో కొత్త సిస్టమ్ మీద ఎవరో కుర్రాడితో కొట్టించిన ప్రూఫు.

“ఇదేంటండీ హబీబ్ గారూ, బైబిలు పేర్లు ఇట్టాగేనా వేసేది, నఫ్తాలి చూడండి, ఎఫ్రాయీము చూడండి, అన్నీ ముద్దలే. పిల్లలు నవ్వుతున్నారండీ. పోయినసారి పుస్తకంలో అక్షరాలు ఎంత ముచ్చటగా ఉన్నయ్యి! అయ్యే కావాలి నాకు. ఉన్నయ్యా, తీసేశారా?”

“తీసేస్తానాండీ! ఆగాగు ఆదెమ్మా!” అని హబీబ్ పరుగెత్తి కంప్యూటరుని బండిలోంచి ఎత్తి గుండెకి హత్తుకున్నాడు. అఫ్సా పుట్టినప్పుడు కూడా అలా ఎత్తుకోలేదు. “నా ప్రాణమండీ ఇది. అయ్యి నేను కళ్ళు పోగొట్టుకుని గీసిన అక్షరాలు. మా ఆవిడ కొట్టిందంతే.”

అరికాలి మంట నెత్తికెక్కింది. టీ పెట్టడానికి వెళ్ళాను. హబీబ్ కంప్యూటరుని మళ్ళీ మూలన పెట్టి తీగలు తగిలించాడు, పాలు పొంగుతుంటే ముందుగదిలో మాటలు వినబడుతున్నాయి. బాలశౌరిగారు ముచ్చటపడి అడుగుతున్నారు, “నఫ్తాలి ఒకసారి కొట్టి చూపించండి. ఆ త వత్తు ఏ మీటండీ?” కాసేపు మీటల చప్పుడు. మళ్ళీ చప్పుడు. “దానికో టెక్నిక్ ఉందండీ...” తర్వాత గొంతు పెద్దది చేసి, “నుస్రత్! ఇట్రా ఒకసారి!”

స్టవ్ ఆపేసి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. చూడకుండానే నఫ్తాలి కొట్టాను, ఎఫ్రాయీము కొట్టాను. వత్తులన్నీ ఒక గడి కిందికి దిగి ఎవరి చోట అవి కూర్చున్నాయి. బాలశౌరిగారు తెర వంకా, నా వంకా చూసి “గీసింది మీరామ్మా?” అన్నారు. హబీబ్ నవ్వేసి “మీటలు గుర్తుంటాయండీ ఆవిడకి, కొట్టేది ఆవిడేగా” అన్నాడు.

అప్పుడు అక్షరాలు గీసే సాఫ్ట్‌వేరు తెరిచాను. పేరున్న గడిలోకి వెళ్ళి ‘హబీబ్’ చెరిపేసి ‘నుస్రత్’ అని కొట్టాను. పేరు మార్చనా అని తెర మీద ప్రశ్న వచ్చింది.

హబీబ్ మొహం పాలిపోయింది. అతనికి అక్షరాలు గీయడం రాకపోయినా ఈ సంగతి మాత్రం తెలుసు. మేము చేసిన ప్రతి కార్డూ ప్రతి పుస్తకమూ తెరిచినప్పుడు హబీబ్ అనే పేరున్న అక్షరాల్ని వెతుక్కుంటుంది. ఆ పేరు దొరక్కపోతే తెలుగంతా పోయి పిచ్చి ఇంగ్లీషు కనబడుతుంది.

“ఏంటే నీకు పిచ్చా? పాత ఫైళ్ళన్నీ పాడవుతాయి!”

“పాడవ్వవండీ. ఒక్కోటీ తెరిచి, అక్షరాల లిస్టులో నుస్రత్ అని ఉంటది, దాని మీద నొక్కండి. మళ్ళీ తెలుగొస్తది.”

“కొన్ని వేలున్నయ్యి! ప్రతిదానికీ నీ పేరు నొక్కుతా కూర్చోవాలా నేను?”

“షాపులో ఖాళీగానే ఉంటారుగా.”

బాలశౌరిగారు బైబిలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. వెళ్ళిపోవాలో ఉండాలో ఆయనకి తెలియడం లేదు. ఉంటేనే బాగుండుననుకున్నాను. హబీబ్ గొంతు తగ్గించి నా కుర్చీ మీదకి వంగాడు. “నీకంత ముచ్చటగా ఉంటే ఒక కాపీ తీసుకుని దానికి నీ పేరు పెట్టుకో. ఎవరొద్దన్నారు? ఇది ఇట్టా ఉండనియ్యి.”

“అప్పుడు మీది అసలూ, నాది కాపీ అవుద్దండీ.”

“పదకొండేళ్ళ పని, నుస్రత్! పదకొండేళ్ళ పని చేతులారా చెడగొడతావా?”

పని అన్నాడు. ఇన్నేళ్ళలో దాన్ని అతను పని అనడం అదే మొదటిసారి. నా వేలు మీట మీదే ఉంది. నొక్కాలన్న తొందర కూడా ఒక్కసారిగా పోయింది. కుర్చీ తిప్పి అతని మొహంలోకి చూశాను. సరిగ్గా చెబితే ఆగిపోదామనే అనుకున్నాను, నిజం. బాలశౌరిగారి ముందు, గుమ్మంలో ఇంకా నిలబడున్న ఆదెమ్మ ముందు, ఒక్క మాట చాలు నాకు.

“ఎవరి పనండీ?” అని అడిగాను.

హబీబ్ బాలశౌరిగారి వంక చూశాడు, ఆదెమ్మ వంక చూశాడు.

“మనది” అన్నాడు.

నొక్కేశాను.