లక్ష్మీపతి బండి గలగల

మా శింగనమలలో రోడ్డు మీద పోయే బండి ఎవరిదో నేను తల ఎత్తకుండానే చెప్పగలను. బస్టాండు పక్కనే నా షాపు. ముప్పై ఏళ్లుగా అక్కడే స్పానర్లు తిప్పుతున్నాను. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొసను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటే లోపల ఏ బేరింగు పోయిందో, ఏ చైను సాగిందో నాకు తెలిసిపోతుంది. నా షాపులోంచి బయటికి వెళ్లే బండికి అనవసరమైన చప్పుడు ఉండకూడదు. అది నా పంతం. "నాగన్న చేతిలో పడితే ఎంత వాగుడు బండైనా నోరు మూసుకోవల్ల" అని జనం నవ్వుతూ అంటుంటే మీసం దువ్వుకునేవాణ్ణి.

ఆ పంతం ముంచితే నన్ను ముంచాలి. సరళమ్మను ముంచింది.

సరళమ్మ భర్త లక్ష్మీపతికి అనంతపురంలో బోరు మోటార్ల షాపు ఉండేది. అతని దగ్గర ఒక ఎర్రటి ఇటలీ బండి ఉండేది. రేసు బండి, వంగి పడుకుని తోలాలి. బెంగళూరులో ఎవరో అమ్ముకుంటుంటే కొన్నాడు, అప్పటికే అది పాతది. రోజూ పొద్దున దాని మీదే అనంతపురం పోయేవాడు, సాయంత్రం దాని మీదే వచ్చేవాడు. ఇంజను గొంతు భలే గంభీరంగా ఉండేది, ఆ మాట ఒప్పుకుంటాను. క్లచ్ దగ్గరే తంటా. మామూలు బండ్లలో క్లచ్ ప్లేట్లు నూనెలో మునిగి ఉంటాయి. ఆ బండిలో నూనె లేకుండా పొడిగా, గాలికి తిరుగుతుంటాయి. అందుకని క్లచ్ పట్టుకుని ఆగిన ప్రతిసారీ కుడి పక్క నుంచి చిల్లర డబ్బా ఊపినట్టు ఒకటే గలగల. వీధి మొదట్లో ఆగితే వీధి చివరికి వినిపించేది.

నాకు ఆ చప్పుడు చెవిలో జోరీగ. షాపు ముందు ఆగినప్పుడల్లా అనేవాణ్ణి.

"ఏమప్పా లక్ష్మీపతీ, పైన పటారం లోన లొటారం మాదిరి ఉండాదే నీ బండి! ఒక పూట ఈడ ఇడిచిపో, ఆ గలగల లేకుండా చేస్తా."

"వద్దులే నాగన్నా, దాన్నట్లే ఉండనీ" అని నవ్వేవాడు.

బండి మీద వేరే వాళ్ల చెయ్యి పడనిచ్చేవాడు కాదు. ఆదివారం వస్తే ఇంటి పక్క రేకుల షెడ్డులో గోనెపట్ట పరుచుకుని కూర్చునేవాడు. మా ఎర్రమట్టి దుమ్ముకు కార్బరేటర్లు నెలకోసారి విప్పి కడిగేవాడు. ఇంజను పక్కన రెండు రబ్బరు బెల్టులు ఉంటాయి. బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చాల్సిందేనని, ఎప్పుడు మార్చాడో తేదీని వాటి మూత లోపల తెల్ల రంగుతో రాసుకునేవాడు. ఇంత శ్రద్ధ ఉన్నవాడు ఆ గలగల మాత్రం ఎందుకు వదిలేశాడు? చేతకాలేదు, చేతకాలేదని చెప్పుకోవడానికి నామోషీ. నేను అలా అనుకున్నాను. అడగాలని మాత్రం తోచలేదు.

నిరుడు షాపులో మోటారు లోడు దించుతూ దించుతూ లక్ష్మీపతి కుప్పకూలిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. నలభై నాలుగేళ్లు నిండలేదు. బండి షెడ్డులో గోనెపట్టల కింద ఉండిపోయింది.

ఈ ఏడు పెద్దల అమావాస్య ఇంకా ఇరవై రోజులుందనగా సరళమ్మ నా షాపుకు వచ్చింది.

"నాగన్నా, మా ఆయన బండిని మళ్ల స్టార్ట్ చేయగలవా?"

"అమ్ముతావా అమ్మా?"

"అమ్మను. అమావాస్య దినం ఆయనకు పెట్టుకోవల్ల గదా. ఓళిగలు, అలసంద వడలు, కోడికూర, కొత్త పంచె అన్నీ పెడతాము. ఆయనకు ఆ బండి కంటే ఇష్టమైంది ఏముండాది? ఆ దినం అది వాకిట్లోకొచ్చి నిలబడల్ల. ఒక్కసారి చాలు."

నేను సరేనన్నాను. ఆమె కదల్లేదు. కొంగు నలుపుతూ, తల వంచుకునే చెప్పింది.

"నేను ఎప్పుడూ వాకిట్లోకొచ్చి ఎదురుచూసిందాన్ని కాదన్నా. వంటింట్లోనే ఉంటాంటి. బండి వచ్చి ఆగిన సద్దు ఇనపడితే పెనం మీద దోసె పోస్తాంటి. ఆయన కాళ్లు కడుక్కోనొచ్చేలకు దోసె తయారు. ఆ దినం గూడా అట్లే పోస్తా. బండి ఎట్లుండెనో అట్లే తీసుకురా, అంతే."

ఎట్లుండెనో అట్లే. ఇంత తేటగా చెప్పింది. ఇంతకన్నా తేటగా ఎవరు చెబుతారు?

బండిని ట్రాలీ ఆటోలో తెచ్చి పని మొదలుపెట్టాను. ఏడాది నిలబడిన పెట్రోలు కార్బరేటర్లలో బంక కట్టింది. ట్యాంకు లోపల తుప్పు. బ్యాటరీ చచ్చిపోయింది. మూత తీస్తే లక్ష్మీపతి తెల్ల రంగు రాత కనబడింది. బెల్టుల గడువు దాటిపోయి ఉంది. కొత్తవి వేసి, అతని తేదీ కింద నా తేదీ రాశాను. ఒక్కొక్క బోల్టూ విప్పుతుంటే అతని మీద గౌరవం పెరిగింది. ఒక్క బోల్టు తల కూడా నలగలేదు, ఒక్క వైరుకూ అడ్డదిడ్డంగా టేపు చుట్టలేదు.

చివరికి క్లచ్ మూత విప్పాను. ప్లేట్లను పట్టి ఉంచే గిన్నె లోపల, ప్లేట్ల పళ్లు కొట్టీ కొట్టీ అంచుల పొడుగునా గుంటలు పడి ఉన్నాయి. ఆ గుంటల్లో ప్లేట్లు వదులై ఆడుతున్నాయి. ఇదేనా నీ రోగం అనుకున్నాను. పదేళ్లుగా నన్ను ఏడిపించిన గలగల నా అరచేతిలోకి వచ్చింది. నిజం చెబుతున్నాను, నాకు సంతోషమేసింది. లక్ష్మీపతికి చేతగానిది నేను చేసి పెడతాను, ఆ తల్లి అడగనిది కూడా చేసి ఇస్తాను అనుకున్నాను. బతికి ఉండగా చెయ్యనివ్వలేదు, ఇప్పుడైనా చేస్తే వాడి ఆత్మ సంతోషిస్తుంది అనుకున్నాను. బెంగళూరులో తెలిసిన మనిషికి ఫోన్ చేసి కొత్త గిన్నె, కొత్త ప్లేట్లు బస్సులో తెప్పించాను. బిగించి స్టార్ట్ చేస్తే బండి పాలు తాగిన పసిబిడ్డలా ఉంది. పాత గిన్నె, పాత ప్లేట్లు మూలనున్న తుక్కు డబ్బాలో వేశాను. ఆ డబ్బాను ఎప్పటిలాగే తుక్కు కొనే ఓబిలేష్ వచ్చి పట్టుకుపోయాడు.

అమావాస్య రోజు మధ్యాహ్నం స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, బండిని నేనే తోలుకెళ్లాను. వాకిట్లో ఆపి క్లచ్ పట్టుకుని కూర్చున్నాను. అరుగు మీద లక్ష్మీపతి తల్లి బయమ్మ కూర్చుని ఉంది. నడవలో ఫోటో, దాని ముందు దీపం, కొత్త పంచె, ఖాళీ ఇస్తరాకు. ఆ ఆకు మీద మొదట దోసె పడాలి, తర్వాతే మిగతావి. వంటింట్లో పెనం వేడెక్కిన వాసన బయటికి వస్తోంది.

ఇంజను మెత్తగా నడుస్తోంది. లోపల నుంచి ఎవరూ రాలేదు. దోసె పోసిన చుర్రు కూడా వినబడలేదు. ఏడుస్తోందేమో పాపం అనుకుని ఇంకాసేపు ఆగాను. ఇంజనును రెండుసార్లు గట్టిగా రేజ్ చేశాను.

అప్పుడు సరళమ్మ వచ్చింది. చేతిలో పిండి గరిట ఉంది.

"ఎవురొచ్చినారత్తా?" అంది.

బయమ్మ నా వైపు చూపించింది. సరళమ్మ బండిని చూసింది, నన్ను చూసింది. మళ్లీ బండినే చూసింది.

"ఇదేందన్నా? ఆ గలగల యాడ?"

"తీసేసినానమ్మా!" అన్నాను. సిగ్గు లేకుండా నవ్వుతూ అన్నాను. "లోపల గిన్నె అరిగిపోయిండె. కొత్తది ఏసినా. ఇంగ జన్మలో ఆ సద్దు రాదు."

ఆమె చేతిలోని గరిట నుంచి పిండి గడప మీద కారింది. తుడుచుకోలేదు.

"ఆ సద్దుకే గదన్నా నేను దోసె పోస్తాండింది."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, ఆ బండి మీదే ఓబిలేష్ ఇంటికి దూసుకెళ్లాను. భోంచేస్తున్నవాణ్ణి చొక్కా పట్టుకుని లేపాను.

"పాత క్లచ్ గిన్నె యాడ పెట్టినావురా?"

"మొన్ననే లోడు పోయింది గదన్నా" అన్నాడు బిత్తరపోయి. "ఈ పాటికి కరగబోసింటారు. అంత ముఖ్యమైందైతే డబ్బాలో యాల ఏస్తివి?"

వెనక్కి వచ్చేసరికి ఇస్తరాకు ఇంకా ఖాళీగానే ఉంది. ఇంటిల్లిపాదీ పస్తుతో కూర్చుని ఉన్నారు. సరళమ్మ గడపలోనే ద్వారబంధానికి ఆనుకుని ఉంది. ఆమె మొహం చూడలేక బండిని చూస్తూ మాట్లాడాను.

"దొరకలేదమ్మా. నాది తప్పు, నన్ను చెప్పుతో కొట్టు. అయితే కొత్తది గూడా అరుగుతాది. తోలుతా ఉంటే అదే గలగల మళ్ల వస్తాది. నేను తోలుతా. రోజూ అనంతపురం పోయొస్తా. రెండేండ్లో మూడేండ్లో, నా షాపు మూసుకోనైనా సరే తోలుతా."

ఆమెకు కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే నేను తట్టుకునేవాణ్ణి.

"నువ్వు తోలితే నీ అరుగుడు వస్తాదన్నా" అంది. "ఆయన అరుగుడు యాడొస్తాది?"

ముప్పై ఏళ్లుగా అరిగిన సామానంటే నాకు పారేసేదే. ఒక మనిషి పదేళ్లు క్లచ్ పట్టీ వదిలీ, పట్టీ వదిలీ చేసుకున్న గుర్తు అది అని, ఇంత చెవి ఉన్న నాకు తోచలేదు. వాకిట్లో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఓదార్చాల్సింది నేను. ఆమే చెంబుతో నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది.

పొద్దు వాలుతోంది. బయమ్మ దీపంలో ఇంకాస్త నూనె పోసి, కోడలి వైపు తిరిగింది.

"ఇంగ వడ్డించమ్మా. బిడ్డ ఎంతసేపని ఆకలితో ఉంటాడు?"

సరళమ్మ వీధి మలుపు వైపు చూస్తూ నిలబడింది.

"ఆయన ఇంగా రాలేదత్తా" అంది.