నా తోలు ఒలిచిన మెరుపు

నేను ఒక బోటుని. అద్దాన్ని కాను. ఈ చిన్న ముక్క మా పెదపాలెం జాలరిపేటలో ఒక్క మగాడి బుర్రకీ ఎక్కలేదు. ఎక్కి ఉంటే ఈ రోజు ఇలా ఇసకలో బోర్లా పడి, కుక్కలకు నీడనిస్తూ, మీకు నా గోడు చెప్పుకోవలసిన అవసరం ఉండేది కాదు. కోపంగా ఉన్నానని ముందే చెబుతున్నాను. మెత్తగా మాట్లాడమని అడగకండి.

నేను పుట్టింది భీమిలి వెళ్లే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో. మీకైతే లోపల ఎముకలు, పైన తోలు. ఫైబరు బోటు పుట్టుక తలకిందులు. ముందు అచ్చు లోపల రంగు కలిపిన జిగురు పూస్తారు. అది గట్టిపడితే నా తోలు. దాని మీద గాజు నారతో నేసిన గుడ్డలు పరిచి, మళ్లీ జిగురు పోసి, పొర మీద పొర అంటిస్తారు. అవి నా కండా, నా ఎముకా. అచ్చులోంచి ఊడదీసేసరికి నేను నీలంగా తళతళలాడుతూ బయటికొచ్చాను. ఆ నీలం గోరు మందం ఉంటే ఎక్కువ. ఉప్పునీటికీ నా నారకీ మధ్య ఉన్న అడ్డు అదొక్కటే. షెడ్డులో ఈ సంగతి తెలియనివాడు లేడు. కొనేవాడికి చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

మొదట నన్ను కొన్నవాడు గరికిన దానయ్య. నోరు చెడ్డది, చెయ్యి మంచిది. వేట నుంచి రాగానే మంచినీళ్లతో నా ఒళ్లు కడిగి కొబ్బరాకులు కప్పేవాడు. ఎండను ఆకులు ఎంతకని ఆపుతాయి? నాలుగైదు వేసవులకు నీలం వెలిసిపోయి, చెయ్యి రాస్తే సుద్దలాంటి పొడి అంటేది. పేటలో వెక్కిరించారు. దానయ్య లెక్కచెయ్యలేదు.

"ఎలిసిపోతే పోనీరా. ఇదేటి పెళ్లిసూపులకెల్తాదా? సాపలేటి రంగు సూసి వల్లో పడతాయా?" అనేవాడు.

వెలిసినా నా తోలు తోలే. ఒక్క చుక్క నీటిని లోపలికి రానివ్వలేదు. మోకాళ్లు పట్టేసి దానయ్య వేట మానుకున్నాక నన్ను మైలపల్లి ఎల్లాజీకి ఇచ్చేశాడు. నా దరిద్రం అక్కడ మొదలైంది.

ఎల్లాజీ మంచి వేటగాడే. నీటి రంగు చూసి చేప ఎక్కడుందో చెప్పగలడు. ఏం లాభం, నలుగురిలో గొప్ప అనిపించుకోవాలన్న జబ్బు మనిషిని తినేస్తోంది. మా పేటలో ఒక ఆచారం ఉంది. వేసవిలో వేట మీద నిషేధం తీరి, బోట్లు మళ్లీ నీళ్లలో దిగే రోజున గంగమ్మ పండగ చేస్తారు. అమ్మవారి ఘటాన్ని ఒక బోటులో ఎక్కించి, కెరటాలు దాటించి, సముద్రానికి చూపించి తెస్తారు. ఆ తర్వాతే మిగిలిన బోట్లు కదులుతాయి. పూర్వం ఈ వంతు వీధుల వారీగా తిరిగేది. పండగను ఫోనుల్లో వీడియోలు తీసి ఊరూరా చూపించుకోవడం మొదలయ్యాక, చూడటానికి బాగున్న బోటుకే ఘటం అని పెద్దలు తీర్మానించారు. అమ్మవారు ఏనాడూ రంగు అడగలేదు. అడిగింది వీళ్లే.

ఎల్లాజీ హైవే మీద కార్లకు పాలిష్ పెట్టే షాపు ముందు కూర్చుని పనంతా చూసొచ్చాడు. చక్రం తిరిగే మిషనొకటి తెచ్చాడు. నీళ్లు చల్లి గరుకు కాగితంతో నన్ను రుద్దాడు. ముద్దలాంటి మందు పూసి మిషను తిప్పాడు. పైన మైనం పట్టించాడు. సుద్దంతా రాలి, అడుగున దాగిన నీలం పైకొచ్చింది. అబద్ధమెందుకు, మొదటిసారి నాకూ బాగానే ఉంది. ఎల్లాజీ భార్య కాసులమ్మ పక్కన నిలబడితే ఆమె ముక్కుపుడక నాలో మెరిసింది. ఆ ఏడు ఘటం మాకే వచ్చింది. అక్కడితో ఆపితే ఎవరి సొమ్ము పోయేది?

ఆపలేదు. మెరుపంటే పైనుంచి పూసేది అనుకున్నాడు ఆ మహానుభావుడు. అది నాలోంచి గీకి తీసేదని తెలుసుకోలేదు. ఏటేటా నిషేధం రాగానే మిషను కూసేది, నా తోలు నీలం నీళ్లై ఇసకలో ఇంకేది. అందరి కళ్లూ పడేది బోటు ముక్కు మీదేనని అక్కడ మరీ ఎక్కువ రుద్దేవాడు. చివరికి అక్కడ నీలం అరిగిపోయి గోధుమరంగు మచ్చ తేలింది. అది నా కండరా, సన్నాసీ! ఎల్లాజీ దాన్ని మురికి అనుకున్నాడు. "ఈ మరక ఒదలట్నేదేటి" అని పళ్లు బిగించి ఇంకా గట్టిగా రుద్దాడు. రుద్దిన కొద్దీ మచ్చ పెద్దదైంది. ఇక లాభం లేదని నీలం రంగు కలిపిన మైనం దట్టంగా మెత్తి, ఎదురుగా నిలబడి మీసం దువ్వుకున్నాడు. పుండు మీద పౌడరు అద్దినట్టు. నాకు నోరుంటే ఆ రోజు పేటంతా వినేలా తిట్టేదాన్ని.

పండగ వచ్చింది. ఘటం మాదేనని ముందే తేలిపోయింది. ఘటాన్ని తిప్పి తెచ్చి దించగానే, అటునుంచి అటే దూరపు వేటకు పోవాలని ఎల్లాజీ వలలు కూడా సిద్ధం చేశాడు. వెళ్లేది నలుగురు. ఎల్లాజీ, అతని చిన్నాన్న కొడుకులు ఇద్దరు, కాసులమ్మ తమ్ముడు బండియ్య. ఒడ్డు కనబడనంత దూరంలో, ఆ అరిగిన ముక్కుతో కెరటాలను గుద్దుకుంటూ వాళ్లను మోయవలసింది నేను. మోయలేనని నాకు తెలుసు.

బోటుకు పసుపు రాసే పని ఇంటి ఆడదానిది. బోటు ఎక్కే హక్కు మాత్రం ఆమెకు లేదు. ఆడకాలు పడితే బోటు మైలపడుతుందనీ, గంగమ్మ అలుగుతుందనీ మా పేట నమ్మకం. మరి గంగమ్మ ఎవరని ఒక్కరూ అడగరు. కాసులమ్మ కుంకుడు రసంతో నా ముక్కు కడిగింది. మైనం నురగతో పాటు జారిపోయింది. పసుపు ముద్ద రాసి, ఎక్కువైందని తడిగుడ్డతో తుడిచింది. నీలం మీది పసుపంతా గుడ్డకు వచ్చేసింది. అరచెయ్యంత మేర మాత్రం రాలేదు. అక్కడ పసుపు లోపలికి ఇంకి, నేత గుడ్డలా గళ్లు గళ్లుగా కనబడింది. ఆమె బొటనవేలితో నొక్కింది. ఆ వేలి కింద నేను మెత్తగా లోపలికి వెళ్లాను.

"ఓ మావా, ఇలా రా. ఇక్కడ పసుపు పోవట్నేదు. మెత్తగున్నాది సూడు," అంది మొగుడితో.

ఎల్లాజీ మొదటి మాటే విన్నాడు. "పసుపు పోవట్నేదా? ఓర్నాయనో, అమ్మోరు నిలిచీసినాదిరా!" అని పేటంతా వినేలా కేకేశాడు. జనం పరిగెత్తుకొచ్చారు. కొబ్బరికాయలు కొట్టారు. నా ముక్కు కింద కర్పూరం వెలిగించారు. ఫోనులన్నీ లేచాయి. నా గాయానికి హారతి ఇస్తున్న ఆ మొహాలు చూస్తే నాకు రోత పుట్టింది.

కాసులమ్మ జనాన్ని తోసుకుని కులపెద్ద పెంటయ్య దగ్గరికెళ్లింది. "పెద్దయ్యా, అది అమ్మోరు కాదు. పొర అరిగిపోనాది. ఒక్కపాలి నొక్కి సూడు, నీకే తెలుస్తాది," అని బతిమాలింది.

"తప్పు, తప్పు! అమ్మోరి మీద ఏలెడతారేటే?" అని పెంటయ్య చెంపలేసుకున్నాడు.

ఘటం బయల్దేరింది. డప్పులు మోగుతున్నాయి. బండియ్య నా లోపల కూర్చుని తాడు చుడుతున్నాడు. కాసులమ్మ తమ్ముణ్ని ఒకసారి చూసింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, నా అంచు మీద కాలు పెట్టి ఎక్కేసింది. ఘటం పెట్టవలసిన పీట మీద తాను కూర్చుంది. డప్పులు ఆగిపోయాయి.

"నానెక్కీసినాను. మైలడిపోనాది. ఇప్పుడెక్కించండి మీ ఘటం, సూద్దాం," అంది.

ఎల్లాజీ ఆమె జుట్టు పట్టుకుని లాగాడు. ఆమె నా అడ్డపలకను రెండు చేతులా వాటేసుకుంది. గోళ్లు విరిగినా వదల్లేదు. నా మీద ఎంతమందో ఎక్కారు, దిగారు. అంత కచ్చగా నన్ను పట్టుకున్నది ఆమె ఒక్కతే. ఆమెను ఈడ్చి కిందికి తోసేసరికి ఘటం పక్క వీధివాళ్ల వెలిసిపోయిన బోటులోకి వెళ్లిపోయింది.

తర్వాత పెద్దలు కూర్చున్నారు. కాసులమ్మ ఇక ఏ బోటుకూ పసుపు రాయకూడదన్నారు. ఎల్లాజీ ఆమెతో మాట్లాడటం మానేశాడు. నా ఇంజను విప్పేసి, నన్ను ఒడ్డు మీదికి ఈడ్చి బోర్లించారు. నలుగురూ ఇతరుల బోట్లలో కూలికి పోతున్నారు. పోతూ వస్తూ నా మీద ఉమ్మేస్తారు. పేటలో ఒక్కడంటే ఒక్కడు ఆ మచ్చ మీద వేలు పెట్టలేదు. ముందు అమ్మవారని పెట్టలేదు, తర్వాత మైలని పెట్టలేదు. దీన్ని ఏమనాలో మీరే చెప్పండి.

ఒక మధ్యాహ్నం ఎల్లాజీ సుత్తి పట్టుకుని వచ్చాడు. నా ముక్కుకున్న ఇనుప కడియం ఎవరికో కావాలట. కడియం మీద రెండు దెబ్బలు వేశాడు. మూడోది గురి తప్పి పసుపు మచ్చ మీద పడింది. పెద్ద దెబ్బేం కాదు. సుత్తి పిడి దాకా లోపలికి దిగిపోయింది. లాగితే నారలు నారలుగా ఊడొచ్చింది. ఎల్లాజీ ఆ కన్నంలో చెయ్యి పెట్టాడు. మోచేతి వరకూ వెళ్లింది. అలాగే కూలబడిపోయాడు. సముద్రం వైపు చూశాడు. ఇప్పుడైనా అరువురా, పేటంతా వినేలా అరువు అని నేను లోలోపల మొత్తుకున్నాను. అతను లేచి అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. పాత వల ముక్క ఉండచుట్టి కన్నంలో కుక్కి, పైన తడి ఇసక మెత్తి వెళ్లిపోయాడు.

మరునాడు సాయంత్రం బోట్లు ఒడ్డుకొచ్చాయి. కాసులమ్మ చేపల బుట్టతో నా పక్కనే నిలబడింది. నలుగురూ దిగేదాకా చూసి, అప్పుడు బుట్ట కింద పెట్టింది. ఆ రోజు చేప పెద్దగా పడలేదు. బండియ్య భుజం మీది వలను విసురుగా పడేసి, అక్క వినేలా అన్నాడు.

"ఆ రోజు మా అక్క కాలెట్టకపోతే మనకీ కూలి బతుకొచ్చీదా? నువ్వే సెప్పు బావా."

ఎల్లాజీ నా వైపు ఒకసారి చూశాడు. తల దించుకున్నాడు.

"అవున్రా," అన్నాడు.