చెమ్మ తూకం

ఇరవై అంటే మంచిదని ఈ నోటితోనే కదా చెప్పింది, ఈ నర్సు శివలీలే, ఈ బడి వరండాలోనే, నిరుడు నా భార్య మహాదేవమ్మను ఈ మిషను మీదే నిలబెట్టి, ఇప్పుడు నన్ను నిలబెట్టింది, చెప్పులిడ్సు పెద్దాయనా అంటోంది, విడిచాను, నలభై ఒక్క కిలోలు, గోడకు ఆనించి కొలిస్తే మీటరు అరవై, బరువును ఎత్తుతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ ఎత్తుతో భాగిస్తే పదహారట, పద్దెనిమిదిన్నరకు తగ్గకూడదట, శానా తక్కువుండావు, అన్నం తింటాండావా లేదా అంటోంది, ఎవరు వండుతారు, నేను నా అంకె కోసం రాలేదు, జేబులో మహాదేవమ్మ కార్డు ఉంది, ఇరవై మంచిదైతే నెల తిరక్కముందే ఎట్లా చచ్చిపోయిందని ఆ కార్డు ఈమె ముఖాన పెట్టి అడగాలి.

కార్డులో రెండు తూకాలు, మొదట ముప్ఫై ఆరు కిలోలు, పదహారు, ఆర్నెల్లకు నలభై ఐదు, ఇరవై, ఆ రోజు మురిసిపోయి హనుమన్న టీ కొట్టులో చెప్పుకున్నాను, పత్తి తూచేటోనివి, ఇంట్లో గూడా తూకం పెంచితివి కదప్పా అని వాడు నవ్వాడు, నేనూ నవ్వాను, ముప్ఫై ఏళ్లు ఆలూరులో పత్తి తూచాను, ఎవడు నీళ్లు చల్లి తెచ్చినా పిడికిట పట్టి చెప్పేవాణ్ణి, ఇది పత్తి కాదప్పా, నీళ్లు, ఎత్తుకపో అని, కాళ్లు పట్టుకున్నా వదల్లేదు, కాళ్లు, మహాదేవమ్మ మంచం మీద కాలు చాపింది, ఇదో చూడప్పా, ఏలు పెట్టి ఒత్తితే గుంట పడతాండాది, మెట్టెలు బిగుసుకపోయినాయి, ఇన్నాళ్లకు కండ పడితే దానికీ ఏడ్పేనా అన్నాను, ముట్టి చూడలేదు, తర్వాత కర్నూలు ఆసుపత్రిలో ఆమె కడుపులోంచి సూది పెట్టి సీసాల కొద్దీ నీళ్లు తీశారు, లివరు చెడి చాలా రోజులైందన్నారు, నీళ్లు పోయాక మంచం మీద మిగిలింది ఆ పాత పదహారు కూడా కాదు.

కార్డు తీసి చూపించాను, శివలీల గుర్తుపట్టింది, తల దించుకోలేదు, పెద్దాయనా, ఆ పొద్దు నేనడిగితిని కదా, అమ్మా, కాళ్లేమన్నా వాస్తాండాయా అని, అంది, అబద్ధమని అరవబోయాను, కాదు, ఆ రోజు నిజంగానే అడిగింది, మహాదేవమ్మ నోరు తెరిచింది, ముందు నా వైపు చూసింది, ఏం వాపు, ముద్దలు బాగా దిగుతాండాయి, అంకె మంచిదే కదా, రాసుకోమ్మా అన్నది నేను, ఏడాదిగా ఈ నర్సును తిట్టుకుంటూ బతికాను, ఈమె రాసిన అంకెలో తప్పు లేదు, నలభై ఐదు కిలోలు నిజమే, అందులో నీళ్లున్నాయని మహాదేవమ్మ చెప్పబోయింది, నేనే నోరు మూయించాను.